పాత సరకు బండిలో ఇంజను మోత, తగ్గిన పుల్లింగ్: విప్పించే ముందు చూడవలసినవి

మదనపల్లె టమాటా మార్కెట్టు నుంచి, కోలారు మండీ నుంచి, అనంతపురం, హిందూపురం వైపు నుంచి బెంగళూరుకు నిత్యం వచ్చే సరకు బండ్లలో పదేళ్లు దాటినవి తక్కువేమీ కావు. వాటిలో చాలావాటికి యజమానే డ్రైవరు. నగరంలో భారీ సరకు వాహనాలకు రద్దీ వేళల్లో ఆంక్షలు ఉన్నందున, తెల్లవారేలోగా యశవంతపురం యార్డుకో కలాసిపాళ్యానికో చేరితేనే బాడుగ గిట్టుబాటవుతుంది. అటువంటి బండి ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని మోగడం, మూడో గేరులో పోవలసిన చోట రెండో గేరుకు దిగవలసి రావడం మొదలైతే యజమానికి సాధారణంగా రెండు దారులే తోస్తాయి. విన్నా విననట్టు నడుపుకుపోవడం ఒకటి. బండిని షెడ్డులో అప్పగించి, "ఇంజను దించాలి" అనే మాటకు తల ఊపడం రెండోది. మొదటి దారిలో పిస్టను పోవచ్చు. రెండో దారిలో, వందల రూపాయలతో తీరవలసిన లోపానికి వేల రూపాయల అప్పు మిగలవచ్చు.

ఈ రెండింటి నడుమ మరొక దారి ఉంది. మోత ఎప్పుడు వస్తోంది, దేనితోపాటు వస్తోంది అన్నది ముందుగా గమనించి, తక్కువ ఖర్చుతో తేలే కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చుకుంటూ పోవడమే అది. అందుకు మెకానిక్కు కానక్కరలేదు.

మోతలన్నీ ఒకటి కావు

"ఇంజను కొడుతోంది" అనే ఒకే మాటతో డ్రైవర్లు నాలుగైదు వేర్వేరు శబ్దాలను సూచిస్తుంటారు. షెడ్డులో పొరపాటు మొదలయ్యేది ఇక్కడే.

పెట్రోలు, సీఎన్‌జీ, ఎల్‌పీజీ ఇంజన్లలో గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమాన్ని ప్లగ్గు నిప్పురవ్వ అంటిస్తుంది. మంట ప్లగ్గు దగ్గర మొదలై సిలిండరు అంచుల దాకా క్రమంగా పాకాలి. అది అంచుకు చేరేలోగానే అక్కడ మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంత తానే ఒక్కసారిగా భగ్గుమంటే, ఆ దెబ్బకు సిలిండరు గోడలు గంటలా మోగుతాయి. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుండే ఆ సన్నని గలగలనే పింగింగ్ అంటారు. బరువుతో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు వచ్చి, కాలు తీయగానే ఆగిపోవడం దాని లక్షణం. దీన్ని ఎదిరించే గుణాన్ని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారు. పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే ఈ గలగల ఆగుతుందని 1921లో అమెరికాలో కనుగొన్నారు. ఆ సీసం పొగతో గాలిలో కలిసి పిల్లల మెదళ్లకు చేసిన హాని తెలిసివచ్చాక ఒక్కొక్క దేశమే దాన్ని మానుకుంటూ వచ్చింది. భారతదేశమంతటా సీసం లేని పెట్రోలు మాత్రమే అమ్మకానికి వచ్చింది 2000 ఫిబ్రవరి నుంచి.

డీజిలు ఇంజనుకు ప్లగ్గు లేదు. అక్కడ గాలిని మాత్రమే దాదాపు పద్దెనిమిదో వంతుకు అదుముతారు. ఆ అదుముడుకు పుట్టిన వేడికి, నాజిలు చిమ్మిన డీజిలు తానే అంటుకుంటుంది. చిమ్మడానికీ అంటుకోవడానికీ నడుమ సెకనులో వెయ్యో వంతు పాటి జాప్యం ఉంటుంది. ఏ కారణంచేతనైనా ఆ జాప్యం పెరిగితే, అప్పటిదాకా పోగైన డీజిలంతా ఒక్కుమ్మడిగా మండి సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. కాబట్టి కొంత మోత డీజిలు ఇంజనుకు పుట్టుకతో వచ్చినదే. 2005లో వచ్చిన టాటా ఏస్‌కు ఉన్నవి రెండే సిలిండర్లు. అది కొత్తలోనూ మోగింది. 1986 నుంచి రోడ్ల మీద ఉన్న టాటా 407 పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాసేపు గట్టిగా కొట్టి, వేడెక్కాక సర్దుకుంటే దానికి జబ్బు అంటగట్టనవసరం లేదు. మోత ఉండడం కన్నా అది మారడమే ఇక్కడ సూచన: నిన్నటికీ నేటికీ తేడా వచ్చిందా, వేడెక్కాక కూడా తగ్గడం లేదా, ఒక్క సిలిండరు దగ్గరే పదునుగా వినిపిస్తోందా అన్నవి చూడవలసిన విషయాలు.

ఇంకా రెండు శబ్దాలను వేరు చేసి గుర్తించాలి. బరువుతో సంబంధం లేకుండా, ఇంజను వేగాన్ని బట్టి లయగా టిక్కుటిక్కుమనేది చాలావరకు టాపెట్లదే. సందు సరిచేయిస్తే పోతుంది. ఇంజను అడుగుభాగం నుంచి దబ్ దబ్ అని లోతుగా వచ్చేది, ఆయిలు దీపం వెలుగుతూ ఉంటే మరీ, బేరింగులది. ఆ శబ్దం విన్న చోటే బండిని పక్కకు తీసి ఆపాలి. మిగతా లోపాలతో ఊరు చేరవచ్చునేమో గాని దీనితో చేరడం అసాధ్యం. కనెక్టింగ్ రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది.

బెంగళూరు ఎత్తు

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉన్న ఈ నగరంలో గాలి, తీరప్రాంతపు గాలికన్నా దాదాపు పదో వంతు పలుచన. టర్బో లేని ఇంజనుకు అందే గాలి ఆ మేరకు తగ్గుతుంది, శక్తీ ఆ మేరకే తగ్గుతుంది. విజయవాడలోనో నెల్లూరులోనో నడిచిన బండిని ఇక్కడికి తెచ్చుకున్నవారు మొదటి వారంలోనే "పుల్లింగ్ లేదు, పొగ ఎక్కువగా ఉంది" అని షెడ్డుకు పోవడానికి ఇదొక కారణం. అందులో కొంత జబ్బు కాదు, ఊరి ఎత్తు.

దీనికి తిరుగుముఖం కూడా ఉంది. పలుచని గాలిలో పెట్రోలు ఇంజను తేలికగా గలగలమనదు. అందుచేత ఇక్కడ పుల్లింగ్ కోసం నిప్పురవ్వ టైమింగును కాస్త ముందుకు జరిపినా మోత వినిపించదు. అదే బండి ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగి, మే నెల ఎండలో చిత్తూరు మైదానానికి చేరిందంటే చిక్కని గాలి, వేడి, ముందుకు జరిగిన టైమింగు మూడూ కలిసి మోత మొదలవుతుంది. తిరుగు ప్రయాణంలో బరువుతో అదే ఘాటు ఎక్కేటప్పుడు అది పిస్టను మీద పడుతుంది. "బెంగళూరులో బాగానే ఉంది, కిందికి పోతేనే కొడుతోంది" అని చెప్పే యజమాని నిజానికి లోపమేమిటో తానే చెప్పేశాడు. రెండు ప్రాంతాల నడుమ తిరిగే బండికి టైమింగు కంపెనీ చెప్పిన గుర్తు దగ్గరే ఉండాలి.

గాలి, డీజిలు, నీళ్లు

శక్తి తగ్గిందంటే మొదట చూడవలసినది ఇంజనుకు గాలి అందుతోందా అన్నదే. కట్టడాల దుమ్ములోనూ మట్టిరోడ్లలోనూ తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగదు. ఫిల్టరు మూసుకుపోతే నల్ల పొగ వస్తుంది, ఎత్తులో బండి నీరసపడుతుంది. టర్బో ఉన్న బండిలో రబ్బరు గొట్టం చీలినా, క్లిప్పు వదులైనా ఇవే లక్షణాలు; తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం అదనంగా వినిపిస్తుంది.

తర్వాతది డీజిలు దారి. ట్యాంకు అడుగున చేరిన నీరు, మడ్డి, మూసుకుపోయిన ఫిల్టరు, ఎక్కడో గాలి పీల్చుకునే పాత పైపు, ఇవన్నీ చదునైన దారిలో బయటపడవు. అక్కడ ఇంజను అడిగే డీజిలు తక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు పూర్తి డీజిలు కావాలి, అది అందదు. అందుకే హెబ్బాళ ఫ్లైఓవరు మీద నిలబడిపోయిన బండి, కిందికి తోయగానే ఏమీ కానట్టు స్టార్టవుతుంది. ఫిల్టరు కింద ఉండే మరను వదులుచేసి నీటిని గాజు సీసాలోకి దింపి చూడడం, ట్యాంకు దగ్గరి జాలీని కడగడం, చేతిపంపు కొట్టినప్పుడు బుడగలు వస్తున్నాయేమో చూడడం అరగంట పని. పైపులో గాలి చేరితే శక్తి తగ్గడమే కాదు, చిమ్ముడు క్రమం తప్పి మోత కూడా వస్తుంది. ఆ మోత విని నాజిళ్లన్నీ మార్పించినవారున్నారు; చివరికి లోపం చిన్న వాషరులో దొరుకుతుంది.

నిన్నటిదాకా బాగున్న బండి ట్యాంకు నింపించిన మర్నాడే మోగడం మొదలుపెడితే అనుమానం ఇంధనం మీదికి పోవాలి. కిరోసిను కలిస్తే పెట్రోలు ఆక్టేను పడిపోతుంది. డీజిలులో కలిస్తే పంపుకు కావలసిన జిడ్డు తగ్గి అది అరిగిపోతుంది. పొరపాటున డీజిలులో పెట్రోలు పడితే అంటుకునే జాప్యం పెరిగి మోత వెంటనే తెలుస్తుంది. బంకులో పెట్రోలుకు ఫిల్టరు కాగితం పరీక్ష, సాంద్రత పరీక్ష చేసి చూపించమని అడగడం కొనేవారి హక్కు. కాగితం మీద ఒక చుక్క వేస్తే మంచి పెట్రోలు మరక మిగల్చకుండా ఆరిపోతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటుంది. మోత దానివల్లనే అని చాలామంది నమ్ముతున్నారు. ఇది సరికాదు. ఇథనాలు ఆక్టేనును పెంచుతుంది, కాబట్టి పింగింగును తగ్గించవలసినదే. అయితే లీటరుకు దానిలోని శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ. కార్బురేటరు ఉన్న పాత ఓమ్ని వంటి బండి ఈ తేడాను సర్దుకోలేదు కనుక మిశ్రమం పలుచనై పుల్లింగ్ తగ్గుతుంది. పైగా ఇథనాలు ట్యాంకులోని పాత మడ్డిని కదిలించి ఫిల్టరుకు చేరుస్తుంది, పాత రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది, వానాకాలంలో నీటిని పీల్చుకుని ట్యాంకు అడుగున వేరుపడుతుంది. ఫిర్యాదు నిజమే, కారణమే వేరు.

నీళ్ల సంగతి ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. బెంగళూరు, కోలారు, అనంతపురం బోరునీళ్లు గట్టివి. బిందెకు పట్టే తెల్లని పొరే రేడియేటరు గొట్టాలకూ, సిలిండరు చుట్టూ ఉన్న నీటిదారికీ పడుతుంది. ఆ పొర ఉన్న ఇంజనులో, మీటరు ముల్లు మామూలుగానే ఉన్నా, హెడ్డు లోపలి కొన్ని చోట్లు మండిపోతుంటాయి. పెట్రోలు ఇంజనులో గలగల అక్కడినుంచే పుట్టవచ్చు. కూలెంటు బదులు బోరునీళ్లు పోసే అలవాటు ఖర్చు మిగిల్చినట్టే కనిపించి హెడ్ గ్యాస్కెట్టు రూపంలో తిరిగి వసూలు చేసుకుంటుంది. ఫ్యాను బెల్టు బిగువు, రేడియేటరు ముందు పేరుకున్న దుమ్ము, థర్మోస్టాటు కూడా ఇదే వరుసలో చూడవలసినవి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తీయరాదు.

లోపం అసలు ఇంజనులోనే లేకపోవచ్చు. ఇంజను వేగం పెరుగుతున్నా బండి వేగం పెరగకపోతే అది జారుతున్న క్లచ్చు. కొంతదూరం పోయి ఆపాక ఒక చక్రపు హబ్బు మిగతావాటికన్నా కాలిపోతుంటే అది పట్టుకున్న బ్రేకు. సైలెన్సరు లోపల రేకు విరిగి దారికి అడ్డుపడినా పుల్లింగ్ పోతుంది.

నాజిలు పరీక్ష

పై వాటిలో ఏదీ కాదని తేలాక, పాత మెకానికల్ పంపు ఉన్న డీజిలు బండిలో నాజిళ్ల వంతు వస్తుంది. కారే నాజిలు డీజిలును మంచులా చిమ్మడానికి బదులు చుక్కలుగా వదులుతుంది. చుక్కలు ఆలస్యంగా అంటుకుంటాయి. మోత, నల్ల పొగ, తగ్గిన శక్తి మూడూ కలిసి వస్తాయి. అనుభవం గల మెకానిక్కు ఇంజను ఐడిలింగులో ఉండగా ఒక్కొక్క నాజిలు పైపు నట్టును కాస్త వదులుచేసి చూస్తాడు. ఏ పైపు వదులుచేసినప్పుడు మోత పూర్తిగా ఆగిపోతుందో ఆ సిలిండరు నాజిలును ముందుగా అనుమానించాలి. మోత ఆగక మెత్తబడితే బేరింగునో పిస్టను పిన్నునో చూడాలి. ఏ పైపు వదులుచేసినా ఇంజను నడకలో తేడాయే రాకపోతే ఆ సిలిండరు అంతకుముందే పనిచేయడం లేదు. అప్పుడు కంప్రెషను కొలిపించాలి.

ఈ పరీక్ష యజమాని స్వయంగా చేయదగినది కాదు. పాత పంపు నుంచి చిమ్మే డీజిలు కూడా చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోగలదు. కామన్ రైల్ ఇంజన్లలో, అంటే కొత్త తరం డీజిలు బండ్లలో, ఒత్తిడి వెయ్యి బార్లకు మించి ఉంటుంది కనుక నట్టు వదులుచేయడమనే మాటే ఉండరాదు. వాటికి స్కానరు పెట్టి చూడాలి. అలా డీజిలు చర్మంలోకి పోతే పైకి చిన్న గాటే కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ఆలస్యమైతే వేలు, కొన్నిసార్లు చేయి పోతుంది.

సీఎన్‌జీ కిట్టు తర్వాత బిగించిన బండ్లకు వేరే చిక్కు ఉంది. గ్యాసు పింగింగును బాగా తట్టుకుంటుంది కనుక కిట్టు బిగించేవారు టైమింగును ముందుకు జరుపుతారు. గ్యాసు అయిపోయి పెట్రోలు మీదికి మారగానే గలగల వస్తే కారణం అదే. గ్యాసు మీద పుల్లింగ్ పదో వంతు దాకా తక్కువ ఉండడం సహజం. అంతకు మించి తగ్గితే ప్లగ్గులు, గ్యాసు ఫిల్టరు, వాల్వు సందులు చూపించాలి. గ్యాసు మీద నడిచే ఇంజనులో వాల్వు సందు నిశ్శబ్దంగా తగ్గుతూ పోతుంది. శబ్దమే రాదు, కంప్రెషను మాత్రం జారిపోతుంది.

స్క్రూ తిప్పడం

తగ్గిన పుల్లింగును తిరిగి తెప్పించడానికి కొన్ని షెడ్లలో పాటించే అడ్డదారి ఒకటి ఉంది. డీజిలు పంపు మీది సీలు తెంచి, స్క్రూ తిప్పి, ఇంజనుకు పోయే డీజిలును పెంచుతారు. లేదా పంపు టైమింగును ముందుకు జరుపుతారు. పది నిమిషాల్లో పని అయిపోతుంది, బండి ఆ పూట చురుగ్గా లాగుతుంది, యజమాని సంతోషంగా డబ్బిచ్చి వెళ్తాడు. గాలి అందక నీరసపడిన ఇంజనుకు ఇంకా డీజిలు పోస్తే అది పూర్తిగా మండదు. మిగిలినది మసి అవుతుంది, ఆయిలులో కలిసి దాన్ని నల్లబరుస్తుంది, పొగగొట్టం వేడెక్కుతుంది. ముందుకు జరిపిన టైమింగు వల్ల డీజిలు ఇంకా చల్లని గాలిలో పడి, జాప్యం పెరిగి, మోత హెచ్చుతుంది. కొన్ని నెలల తర్వాత పిస్టను తల కరిగిందని విప్పి చూపించేటప్పుడు, స్క్రూ తిప్పిన రోజును ఎవరూ గుర్తుచేయరు. ఇది మరమ్మతు కాదు. లోపాన్ని కప్పి పెట్టడం.

పొగ పరీక్షలోనూ ఇది బయటపడుతుంది. బీఎస్-4కు ముందరి డీజిలు బండికి పొగ 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4 బండికి 50 మించరాదు. బీఎస్-4, ఆపై వాటికి కాలుష్య పత్రం ఏడాదికొకసారి, అంతకు పాతవాటికి ఆరు నెలలకొకసారి తీసుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ పత్రం ఏటా కావాలి. పరీక్షకు ముందు స్క్రూ తగ్గించి, తర్వాత పెంచుకునేవారున్నారు. వారు ఎయిర్ ఫిల్టరు ధరను అనేకసార్లు చెల్లించినవారే అవుతారు.

షెడ్డులో ఏమని చెప్పాలి

జేసీ రోడ్డులో విడిభాగాల అంగళ్లు, పీణ్యలో పంపు నాజిలు పనివారు, కలాసిపాళ్యం చుట్టూ షెడ్లు తెలుగు డ్రైవర్లకు తెలిసినవే. వీటిలో తెలుగు అర్థమయ్యేవారు చాలామంది ఉన్నా, లక్షణాన్ని కన్నడంలో చెప్పగలిగితే పొరపాటు తగ్గుతుంది. "ఏరినల్లి శబ్ద బరుత్తదె" అంటే ఎత్తులో మోత వస్తోందని. తెలుగులో ఏరంటే వాగు గనుక ఈ మాట దగ్గర తికమక పడేవారున్నారు. "లోడ్ ఇద్దాగ మాత్ర" అంటే బరువున్నప్పుడే. "గాడి ఎళెయల్ల" అంటే బండి లాగడం లేదు. పొగ అక్కడ హొగె అయింది. నల్లది "కప్పు హొగె", తెల్లది "బిళి హొగె", నీలిది "నీలి హొగె". నల్లదైతే గాలి తక్కువ లేదా డీజిలు ఎక్కువ. నీలిదైతే ఇంజను ఆయిలు మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ కూలెంటు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్టు.

బండి అప్పగించే ముందు ఒక చీటీ మీద నాలుగు సంగతులు రాసి ఇవ్వడం మేలు: మోత చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఖాళీగానా బరువుతోనా, ఎప్పటినుంచి, చివరిసారి ఏం పని చేయించారు. "ఇంజను దించాలి" అన్న మాట వస్తే, కంప్రెషను ఎంత వచ్చిందో సిలిండరువారీగా అంకెల్లో అడగాలి. కొలవకుండానే దించాలన్న షెడ్డు నుంచి బండిని మరో షెడ్డుకు తీసుకుపోవడంలో తప్పు లేదు. మార్చిన పాత భాగాలను తిరిగి అడిగి తీసుకోవాలి. పిస్టను తల మీద గుంటలు పడ్డాయా, నాజిలు కొస నల్లబడిందా అన్నది వాటి మీదే కనబడుతుంది.